పైన ఎంత?

కగ్గదాసపురలో మూడో అంతస్తు.
లిఫ్టు ఉండాల్సిన గుంతలో
ఓనరుగారి పాత సైకిళ్ళు, ఒక చచ్చిన కూలరు.
కొటేషన్లో అన్నీ రాశారు,
అట్టపెట్టెలు, టేపు, లారీ, పద్దెనిమిది శాతం పన్ను.
పైన ఎంతివ్వాలో మాత్రం
ఏ కాగితమూ చెప్పదు.

నిన్న రాత్రి సగం కట్టిన పెట్టెల మధ్య కూర్చుని
నేనూ మురహరీ దీనిమీదే వాదులాడుకున్నాం.
తలకు వందా, మొత్తానికి అయిదొందలా?
ముందే ఇస్తే జాగ్రత్తగా మోస్తారని తను,
ముందిస్తే అది లంచమవుతుందని నేను.
సూపర్‌వైజర్ చేతికిస్తే పంచుతాడో లేదో,
విడివిడిగా ఇస్తే అతను చిన్నబుచ్చుకుంటాడో ఏమో.
హోటల్లో అయితే సోంపు గిన్నె ఉంటుంది,
బిల్లు కింద నోటు దూర్చి
వెనక్కి చూడకుండా వచ్చేయొచ్చు.
బీరువా దించిన మనిషి
ఎదురుగా నిలబడి మెడ తుడుచుకుంటుంటే
నోటు ఎక్కడ దూర్చాలి?

ఏడున్నరకి ముగ్గురొచ్చారు.
దీపాంకర్, ఇంకా మీసం రాని ఒక పిల్లాడు,
తలకి ఎర్ర తువ్వాలు చుట్టిన చౌడప్ప.
సూపర్‌వైజర్ ఫోన్లో ఉన్నాడు, సాయంత్రం దాకా ఫోన్లోనే ఉన్నాడు.
చౌడప్ప మాటాపలుకూ లేకుండా నా కుట్టుమిషను దగ్గరికెళ్ళి
చక్రం వేలితో ఒక్కసారి తిప్పి
సూది పైకి తెచ్చి
గుడ్డముక్క మడిచి, దాని మీదికి పాదం దించాడు.
ఇది కంపెనీవాళ్ళు నేర్పేది కాదు.
ఇంట్లో ఎవరో కుట్టి ఉండాలి.

మెట్ల మలుపులో ఫ్రిజ్ ఇరుక్కుంది.
"స్వల్ప ఎడక్కె" అని కన్నడం,
"ధీరే, ధీరే" అని హిందీ,
పై మెట్టు మీంచి మా తెలుగు,
ఈ ఊళ్ళో గోడలక్కూడా తెలుగొచ్చని తెలిసీ
తలుపేసుకున్న గదిలో ఉన్నంత ధీమాగా:
"పెద్దాయన చేతులు వణుకుతున్నాయి చూడు, ఈయన్నెందుకు పంపారో."
"రెండొందలు చాల్లే, అలవాటు చెయ్యకూడదు."
"ఆ పిల్లాడు మన నీళ్ళసీసా ఎత్తుకుపోయేలా ఉన్నాడు."
చివరిది నేనే అన్నాను.
రాసుకోవడానికి బాగోదు. కానీ అన్నాను.

టిన్ ఫ్యాక్టరీ దగ్గర గంటంబావు.
ముందు లారీ, వెనక మా ఆటో,
తాళ్ళ సందులోంచి మా పరుపు
మరకలతో సహా ఊరందరికీ కనిపిస్తూ.

హొరమావులో లిఫ్టుంది.
"లిఫ్టుంది కదా, మరి తగ్గించాలా?" అన్నాడు మురహరి.
నాకు ఉన్నట్టుండి నాలుగు రూపాయలు గుర్తొచ్చాయి.
పట్టుచీరకి ఫాల్ కుట్టించుకుని
"చిల్లర ఉంచుకోమ్మా" అని ఒకావిడ
నా అరచేతిలోకి పైనుంచి వదిలిన నాలుగు రూపాయలు.
వేలు తగలకుండా వదలడం కూడా
ఒక పనితనమే.

ముగ్గురికీ మూడొందల చొప్పున
చేతికి చెయ్యి తగిలేలా ఇచ్చాను.
దీపాంకర్ నవ్వాడు. పిల్లాడు నోట్లు మడిచి సాక్సులో దోపుకున్నాడు.
చౌడప్ప తువ్వాలు విప్పి, దులిపి, భుజానేసుకుని
ముళబాగిలు తెలుగులో అన్నాడు:
"బీరువా కింద అట్టముక్క పెట్టిండానమ్మా, ఊగదింక.
మీ నీళ్ళసీసా వంటింట్లో గట్టుమీద పెట్టమన్యా, మావాణ్ణి."

అంతే.
కోపం ఉందా అంటే, లేదు.
ఉంటే బాగుండుననిపించింది.

ఫోన్లో అప్పుడే మెసేజీ,
అయిదు చుక్కలూ వెలిగించమని.
మురహరి ఇంకో అయిదొందలు తీశాడు.
అది దేనికని నేనడగలేదు, తనూ చెప్పలేదు.
లిఫ్టు అప్పటికే కిందికి పోతోంది.
లిఫ్టున్న ఇంట్లోకొచ్చిన మొదటిరోజే
మెట్ల మీద పరుగెత్తాడు మా ఆయన.

అందాడో లేదో తర్వాత చెబుతాను.
నేను మాత్రం లోపలికెళ్ళి
బీరువాని రెండు చేతులా తోసి చూశాను.
ఊగలేదు.