ఒక కత్తి, రెండు ఒరలు

పదకొండు వేలు నష్టానికి చీటీ పాడి
ఆ సాఫ్ట్‌వేర్ కొన్నాం.
అంతకుముందు పన్నెండేళ్లు
దొంగ సీడీతోనే సగం గుంటూరుకి పెళ్లిళ్లు చేశాం.
ఆర్నెల్లకోసారి వైరస్ వచ్చి
పెళ్లికొడుకుల పేర్లన్నీ తినేసి పోయేది.

కొన్నరోజు జిలానీ షరతులు చదివి వినిపించాడు,
నిఖానామా చదివినంత నిదానంగా.
రెండు కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు.
ఒకసారికి ఒక్కదాంట్లోనే తెరవాలి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
మాది తిరగేసిన సామెత.
కత్తి ఒక్కటే, ఒరలు రెండు:
ఒకటి అరండల్‌పేటలో, కొట్లో,
ఒకటి బ్రాడీపేటలో, మంచం పక్కన
కుట్టుమిషను బల్ల మీద.
మధ్యలో రైలుపట్టాలు.

పగలు ఆయనది.
రాత్రి, పిల్ల పడుకున్నాక, నాది.
ఆయన అక్కడ మూస్తేనే ఇక్కడ తెరుచుకుంటుంది.
లేకపోతే బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చి
'వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉంది' అంటుంది.
పక్కింటావిడ మొగుడికి ఫోన్ చేసి
బయల్దేరావా అని అడుగుతుంది.
నేను పెట్టెని అడుగుతాను.
అది పోయిందంటే
షట్టర్ దించి, వంతెన కింద టీ తాగి
ఇరవై నిమిషాల్లో ఆయన మెట్ల మీద ఉంటాడు.

ఇరవై నిమిషాలంటే
ఒక కారప్పొడి ప్యాకెట్‌కి ఎరుపు సరిచెయ్యొచ్చు.
ఎరుపు తేలిక కాదు ఈ ఊళ్లో.
యార్డు మనుషులు తెర మీద వేలు పెట్టి
ఇది తేజ రంగు కాదమ్మా, అంటారు.

ఆ మంగళవారం
జిలానీ నా పక్కనే గురకపెడుతున్నాడు.
పన్నెండున్నర.
పొద్దున్నే ప్రెస్సుకి పోవాల్సిన ప్యాకెట్.
తెరిచాను.
వాడుకలో ఉంది, అంది పెట్టె.

మూయడం మర్చిపోయావా అని లేపబోయాను.
చెయ్యి ఆయన భుజం దాకా వెళ్లి ఆగింది.

కొట్లో బెనర్జీ పడుకుంటాడు.
ప్రత్తిపాడు అవతలి కుర్రాడు.
బెంగాల్‌తో ఏ చుట్టరికమూ లేదు,
వాళ్ల తాత ఎవరి ఉపన్యాసమో విని దాచుకున్న పేరు.
లామినేషన్ మిషను పక్కన చాప.
మౌసు పట్టుకోవడం నేనే నేర్పాను.

కోపం వచ్చినమాట నిజం.
సొంత గిరాకీ పట్టాడా,
మా చీటీ డబ్బు మీద, మా కరెంటు మీద?
ఒంటిగంట. ఉంది.
ఒకటిన్నర. గూడ్సుబండి ఏదో కిటికీ ఊపలు కదిలించి పోయింది. ఉంది.
రెండుంబావు. ఉంది.
రెండూ నలభైకి పోయింది.
అప్పుడు నా ఎరుపు నేను ముగించాను.

మర్నాడు పిల్లని చంకనేసుకుని కొట్టుకెళ్లాను.
బెనర్జీ టీకి పోయాడు.
ఈమధ్య తెరిచిన ఫైళ్లు:
అమ్మ
అమ్మ 2
అమ్మ ఫైనల్
అమ్మ ఫైనల్ ఇదే
అమ్మ ఫైనల్ ఇదే కరెక్టు

ప్రథమ జ్ఞాపకార్థ కూడిక. నాలుగడుగులు బై మూడు.
రూతమ్మ,
కోల్డ్‌స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసిన మనిషి.
రేషన్‌కార్డులోంచి ఎత్తిన ఫోటో.

మొదటిదాంట్లో చెంప మీద అట్ట మడత.
రెండోదాంట్లో మడత పోయింది.
మూడోదాంట్లో ముడతలూ పోయాయి,
పౌడరు డబ్బా మీది ఆవిడలా ఉంది.
నాలుగోదాంట్లో ముడతలు ఒక్కోటే
వెనక్కి తెచ్చి పెట్టాడు.
చెరపడం నేను నేర్పిందే.
ఇది నేర్పలేదు.
ఐదోదాంట్లో
అంతకుముందు కత్తిరించి పారేసింది
ఎడమ అంచున మళ్లీ వచ్చింది,
గీతల చొక్కా, చిన్నపిల్లాడి భుజం.

వాడు టీలు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.
అక్కా, అని ఏదో మొదలెట్టాడు.
నలుపు ప్రింట్‌లో చిక్కబడుద్దిరా,
ఐదు శాతం తగ్గించు, అన్నాను.

ఆ రాత్రి జిలానీ పదింటికే ఇంటికొచ్చాడు.
పన్నెండు దాటాక పెట్టెని అడిగాను.
వాడుకలో ఉంది.
సరే వాడుకోనీ అని
లైటు తీసేశాను.