398లో ఒక కార్డు

అఫ్జల్‌గంజ్‌లో ముసురు పట్టిందంటే
మూసీ వాసన మెట్లెక్కి లైబ్రరీలోకి వస్తుంది.
పాత గెజిట్ల అట్టలు ఉబ్బుతాయి.
అట్లాంటి రోజున వచ్చింది మడావి సోంబాయి,
ఉట్నూరు నుంచి రాత్రి బస్సులో,
చెప్పులు చేత పట్టుకుని.
వేసుకునే రావచ్చమ్మా అన్నాను.
వినలేదు.

వెంట మనవడు జల్పత్‌రావు, లా రెండో ఏడాది.
వాడికి కావలసింది ఒక సర్వే పుట,
ఫసలీ లెక్కల నాటిది.
దొరికింది. ఉర్దూ.
అటెండర్ ఖాజామియా కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు:
"ఉఫ్తాదా. అంటే పడావు. ఖాళీ."
ఆ మాటను ఆమె ఉప్పుగల్లులా
నాలుక మీద కాసేపు ఉంచుకుంది.
"ఖాళీ అంటే, మేం లేమనా?
లెక్కవెట్టేటోడు మా గుడిసెల దాకా రాలేదనా?"

తర్వాత అడిగింది,
మా కట్టుబాటు ఎక్కడ పెట్టిండ్రు అని.
ఏ ఇప్పచెట్టు కింద ఎవరు ఏరాలె,
ఏ గోత్రం హద్దు ఏ వాగు దాకా,
తప్పు చేసినోడు ఎవరికి మొక్కాలె.

340 బీరువా చట్టాలది. తోలు అట్టలు, బంగారు అక్షరాలు.
అందులో లేదు.
రెండు గదులవతల, 398లో ఉంది,
పొడుపుకథల పక్కన, దయ్యాల కింద,
ఎవరో దొర రాసిన లావు పుస్తకంలో
'వింత ఆచారాలు' అనే అధ్యాయం.
ఆ నంబరు అతికించింది నేనే.
జిగురు కలిపిందీ నేనే.

నూట పన్నెండో పుటలో ఫొటో. కింద 'ఒక గోండు స్త్రీ'.
ఆమె వేలు అక్కడ ఆగింది.
"మా పెద్దవ్వ. లచ్మాబాయి."
ఇంకేం అనలేదు.

పుట తిప్పి మనవడు పైకి చదవబోతే
వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇది పుస్ నెల కాదు.
పెన్ ముంగట, కిక్రి మోగుతుంటె
పర్ధాన్ నోట ఇనాలె ఈ కథ.
గీ పంఖ కింద కాదు."

ఇది పబ్లిక్ లైబ్రరీ అమ్మా, అందరికీ...
మాట సగంలోనే ఆగిపోయింది.
ఆ అందరిలో ఆమె ఏనాడుందని.

"చింపుమంటలేను సారూ.
మూసివెట్టు. అడిగి తెరువుమను."

కంప్యూటర్లో రచయితకు గడి ఉంది,
ధరకు ఉంది, సెంటీమీటర్లలో పొడుగుకు ఉంది.
ఎవరిని అడగాలో రాసే గడి లేదు.
మూల డ్రాయరులోంచి పాత కార్డొకటి తీసి
పెన్సిల్‌తో రాశాను:
పుట 112, లచ్మాబాయి.
ఆ తర్వాతి కథ వాళ్ళనడగనిదే తెరవరాదు.

"పెన్సిల్ కోర్టులో నిలవదు సార్," అన్నాడు కుర్రాడు.
నిజమే. పెన్నుతో రాయాలంటే పైవాళ్ళ సంతకం కావాలి.
"గా ఖాళీ అని దేంతోని రాసిండ్రు?" అంది సోంబాయి.
ఖాజామియా నా వంక చూశాడు.
సిరా.

వాళ్ళ బస్సు ఏడింటికి.
గేటు దాటాక గానీ చెప్పులు వేసుకోలేదామె.
గంట కొట్టారు, లైట్లు ఒక్కొక్కటే తీసేస్తున్నారు.
నేనింకా కార్డు పట్టుకుని నిలబడ్డాను,
ఏ డ్రాయరులో పెట్టాలో తెలియక.