చీపురుకర్ర కొలత

మినెసోటాలో, రెండు కౌంటీ రోడ్లు
ఒకదాన్నొకటి కోసుకునే చోట నా కొట్టు.
ధాన్యం బండ్లకి పైకప్పులు అమ్ముతాను,
చాపలా చుట్టుకునే టార్పాలిన్లు.
మబ్బుకీ గింజకీ మధ్య
ఎంత మందం గుడ్డ ఉండాలో చెప్పడమే
ఇరవై రెండేళ్ళుగా నా బతుకుతెరువు.

సెప్టెంబరు మొదట్లో, సోయా ఆకు పసుపు తిరుగుతున్నప్పుడు
ఆర్లాండ్ తోర్సన్ వచ్చాడు. వెనకాలే వెర్నా.
అతని కుడిచెయ్యి కోటు జేబు దాటి రాలేదు.
నాకు ఎడమచెయ్యి అందించాడు.
నేనేం అడగలేదు.
ఈ చుట్టుపక్కల భుజం గురించి అడగరు,
వాన గురించి అడుగుతారు.

"రెండు బండ్లు" అన్నాడు.
"ఎర్రది మా నాన్న కొన్నది.
రెండోది హాల్వర్సన్లు పొలం వదులుకున్నప్పుడు
వేలంలో పాడుకున్నది."

నా పాఠం మొదలుపెట్టాను.
ముందునుంచి వెనక్కి చుట్టుకునేదా, పక్కనుంచి పక్కకా?
పక్కకైతే కింద ఇనుప వంపులు కావాలి,
లేదంటే గుడ్డ నడుం వాల్చి
వాననీళ్ళకి గిన్నె పడుతుంది.
పద్దెనిమిది ఔన్సుల బరువా, ఇరవై రెండా?
తెలుపైతే ఎండని తోసేస్తుంది,
నలుపైతే మంచుని తొందరగా పంపేస్తుంది.
మోటారైతే మీట నొక్కితే చాలు,
కాకపోతే చలికి బ్యాటరీ మూగనోము పడుతుంది.

"పాతదానికేం వచ్చింది" అన్నాడు ఆర్లాండ్.
"రబ్బరు పట్టీలు, నిచ్చెన.
ముప్పై కోతలు గడిచిపోయాయి."
నిచ్చెన అన్న మాట దగ్గర
అతని గొంతు ఒక మెట్టు జారింది.

వెర్నా కారు దగ్గరికెళ్ళి
చీపురుకర్ర పట్టుకొచ్చింది.
చీపురు లేదు, ఉత్త కర్ర.
దానిమీద రెండుచోట్ల నీలం టేపు.
నేలకి నిలబెట్టింది:

"కింది టేపు, నేను వంగకుండా అందేది.
పై టేపు, మునివేళ్ళ మీద లేవకుండా అందేది.
నీ తిప్పుడు పిడి ఈ రెంటి నడుమ తిరగాలి.
మిగతాది మీరిద్దరూ మాట్లాడుకోండి."

కొట్టులో ఫ్రిజ్ మోత పెద్దదయింది.
ఎందరినో అడిగాను నేను,
బండి పొడవెంత, వెడల్పెంత, అంచు ఎంతెత్తని.
పిడి పట్టే చెయ్యి ఎంతెత్తుందని
ఒక్కరినీ అడగలేదు.

ఆర్లాండ్ గుడ్డముక్కలు తిరగేశాడు,
ఎడమ బొటనవేలితో ఒక్కోదాన్నీ నులుముతూ.
చివరికి ఆకుపచ్చ అన్నాడు.
"ఎర్రబండికా?"
"దానికే" అంది వెర్నా, "దూరాన్నుంచే మనదని తెలుస్తుంది."

పిడి ఏ వైపు పెట్టమంటారు?
ట్రాక్టరులోంచి వెనక్కి తిరిగితే
కంటికి ఆనే వైపు మంచిది.
"నేను ఎడమకి తిరుగుతాను" అన్నాడతను.
"నేను కుడికి" అందామె.
బిల్లు మీద కుడి అని రాశాను.
అతను ఆ మాట వైపు చాలాసేపు చూసి
కోడి గీకినట్టు
ఎడమచేత్తో సంతకం పెట్టాడు.

అక్టోబరులో గోదాము ముందు పద్నాలుగు బండ్ల వరస.
ఎవరికో స్ప్రింగు ఇవ్వడానికి నేనూ వెళ్ళాను.
పడమర సిరా ఒలికినట్టయింది.
ఒక్క జల్లు చాలు,
తేమ మిషను ముల్లు కదిలి ధర తెగుతుంది.
అందరూ నిచ్చెనలెక్కారు. టోపీలు లేచిపోయాయి.
ఒక కుర్రాడికి పట్టీ జారి పెదవి పగిలింది.

వెర్నా దిగింది.
చేతితొడుగు పళ్ళతో లాక్కుంది.
తొమ్మిది చుట్లు, నేను లెక్కపెట్టాను.
మళ్ళీ ఎక్కి థర్మాసు మూత తిప్పింది.
పక్కసీట్లో ఆర్లాండ్
నేరుగా ముందుకే చూస్తున్నాడు.
అప్పుడొచ్చింది వాన.

పొగుడుతుందనుకున్నాను.
వారం తర్వాత ఫోను:
"ఎర్రబండి మీద ఒక మూల కుంగింది.
నీళ్ళు నిలిచి పిచ్చుకలు స్నానాలాడుతున్నాయి."
రేపే వచ్చి బిగిస్తానన్నాను.

"వద్దు, ఆగు" అంది.
"వంటింటి కిటికీలోంచి
పొద్దుటంతా వాటినే చూస్తున్నాడు.
గురువారం భుజానికి ఆపరేషను.
అది కానీ,
అప్పుడు రా."