నలభై ఏడో పద్దు

మా సెక్షన్ కిటికీ తీస్తే సముద్రం.
అందుకే తీయం.
ఉప్పుగాలికి చెక్కబీరువా తలుపులు ఉబ్బి
దాతల పేర్లు లోపలే ఇరుక్కుపోతాయి.

చెన్నపట్నంలో, ఒక పాత విద్యాలయంలో
నేను వడ్డీలకు గుమాస్తాని.
నూట పన్నెండు శాశ్వత నిధులు నా చేతి కింద.
గణితంలో మొదటివాడికి వెండి పతకం
ఇప్పుడది వెండిరంగు పూసిన రేకు.
క్రికెట్ వలలకు తాళ్లు.
గ్రంథాలయంలో తెలుగు బీరువాలకు చెదలమందు,
ఇది గోవిందప్ప నాయకన్ వీధి
మిరపకాయల మండీ ఆయన ఇచ్చిన సొమ్ము.
ఆ పుస్తకాలు తెరిస్తే నాకిప్పటికీ తుమ్మొస్తుంది,
మందుకో మిరపకో తెలీదు.

ప్రతి దస్తావేజులోనూ ఒకటే మాట:
అసలు ముట్టరాదు, వడ్డీ మాత్రమే వాడవలెను.
ఇరవై ఆరేళ్లు ఆ మాటకి కాపలా కాశాను.
అసలు ఎవరూ చూడని అసలుకి.

ఈ మార్చిలో ఆడిటర్ తిరుజ్ఞానం గారు
పద్దు నలభై ఏడు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు.
"ఏడాదికి ముప్పై అయిదు రూపాయలమ్మా!
రాసే కాగితం ఖర్చయినా రాదు.
సాధారణ నిధిలో కలిపేయండి."
కలపడమంటే ఏముంది,
కూవం సముద్రంలో కలిసినట్టే.
పేరు పోతుంది.

పేరు: దంటు సుభద్రాయమ్మ పరుగుపందెం నిధి.
పందొమ్మిదివందల ముప్పై ఎనిమిది. అయిదువందల రూపాయలు.
కాసులపేరు అమ్మిన రసీదు గుండుసూదితో గుచ్చి ఉంది,
సూది తుప్పు కాగితానికి పుట్టుమచ్చయింది.
అన్నీ ఇంగ్లీషు దస్తావేజుల మధ్య ఆమె ఒక్కతే
తెలుగులో, తన చేత్తో:
"మొదట వచ్చిన పిల్లకు ఇయ్యవద్దు. ఆమెకు చప్పట్లు ఉండును.
అందరికంటె వెనుక వచ్చియు నడుమ ఆగని పిల్లకు
కాళ్లజోడు కొని ఇయ్యవలెను."

అసలు ఎవరీమె?
ఎక్కడ పరుగెత్తింది, ఎవరి వెనక?
సంతకంలో ఆఖరి అక్షరం గీత దాటి పోయింది.
తెలిసేది అంతే.

మొదటి ఏటి వడ్డీ పదిహేడు రూపాయల ఎనిమిదణాలు:
జోడు, మేజోళ్లు, ఇంటికి జట్కాబండి కిరాయి.
యాభైల్లో జోడు మాత్రం.
డెబ్బైల్లో రబ్బరు చెప్పులు.
ఆ తర్వాత గడి నిండా ఒకటే చేతిరాత, "అర్హులు లేరు".
లేకేం?
వెనక వచ్చేవాళ్లకి ఏనాడు కరువొచ్చింది!

శనివారం క్రీడోత్సవం.
వోచరు రాసి, సంతకం పెట్టి, ముప్పై అయిదు తీసుకుని
ట్రిప్లికేన్‌లో దిగాను.
ఒక జత లేసులొచ్చాయి, తెల్లవి.
కొట్టువాడు చిల్లర గలగలలాడిస్తూ,
బూట్లేవమ్మా అన్నాడు.
వచ్చే శతాబ్దంలో అన్నాను.

మూడువేల మీటర్లు.
గెలిచినవాళ్లు నీళ్లు తాగి ఫొటోలు దిగుతున్నారు,
మైకు తర్వాతి పందెం పేర్లు చదువుతోంది.
ట్రాక్ మీద ఇంకా ఒక పిల్ల.
వ్యాసర్‌పాడి, వృక్షశాస్త్రం రెండో ఏడు, ఎళిల్‌మతి.
ఉత్త కాళ్లు.
ఎండకి మరిగిన మట్టి మీద ఒక్కో అడుగూ
ఎవరికో బాకీ తీర్చినట్టు వేసి
గీత దాటింది.
అప్పటికి గడియారం పట్టుకున్నవాడు లేడు.

లేసులిచ్చాను. ఎందుకో తమిళంలో చెప్పబోయి
సుభద్రాయమ్మ దగ్గర మాట తడబడింది.
ఆ పిల్ల లేసుల వంక చూసింది, తన కాళ్ల వంక చూసింది,
వగర్చుతూనే నవ్వింది.
ఒకటి జుట్టుకి బిగించుకుంది.
రెండోది నా చేతిలోనే పెట్టి
"మీరూ ఇంతసేపు నించున్నారుగా" అంది.

సోమవారం.
కుట్లూడిన పాత లెడ్జరు
పేజీలు పేజీలుగా ఒళ్లో జారుతుంటే
దాన్ని ఆ లేసుతో కట్టాను,
బూటుకి కట్టినట్టే, రెండు చెవుల ముడి.
విలీనం గడి ఖాళీగా వదిలి పక్కన రాశాను:
"పద్దు నలభై ఏడు. వడ్డీ పూర్తిగా ఖర్చయినది.
అర్హులు: ఇద్దరు.
అసలు అట్లే ఉన్నది."

రెండోవారెవరని
తిరుజ్ఞానం గారు ఇంకా అడగలేదు.