రంగు రాని జిరాక్సు

మున్సిపల్ ఆఫీసుకు ఎదురుగా నా కొట్టు.
ఇరవై రెండేండ్లుగా ఆదోని కష్టాలన్నీ
ఈ పచ్చవెలుగు మీద బోర్లా పడుకొని
లేచిపోయినవే.

శంషాద్ వచ్చింది, పాలిటెక్నిక్ బ్యాగుతో.
ఫోను ముందుకు చాపి అడిగింది:
"అన్నా, వీడియోను జిరాక్సు తీస్తావా?"
నవ్వినా.
నవ్వు మూతి మీద ఉండంగనే తెలిసింది
ఆ పిల్ల నవ్వలేదని.

ఏఈ సారు అన్నాడంట:
"ఫైల్లో వీడియో దూరదమ్మా, కాగితం తీస్కరా."

తొంభై వేలమంది చూసిన వీడియో.
నలభై సెకన్లు. కొళాయి దగ్గుతుంది, ఉమ్ముతుంది,
బిందెలోకి తుప్పు ఎరుపు.
వెనక ఎవరో ముసలామె "ఇంగ సాలు ఆపే" అంటుంది
కొళాయినో, కెమెరానో.

ఒక పార్టీ పిల్లోళ్లు దానికి వాళ్ల పాట తగిలించి తిప్పినారు.
ఇంకో పార్టీ పిల్లోళ్లు
ఇది మన ఊరే కాదు, ఈమెకు ఎంత ముట్టిందో అడగండన్నారు.
దండాల బొమ్మలు, మంటల బొమ్మలు, ఏడ్పు బొమ్మలు.
రెండో రాత్రికి వాళ్ల నాయన
"తీసెయ్ బిడ్డా" అన్నాడంట.
వీడియో తీయలేదు.
దాని మీద ఉన్న తన పేరు తీసేసింది.

ఆపి ఆపి పద్నాలుగు బొమ్మలు పట్టినాము.
నా మిషనుకు నలుపూ తెలుపే తెలుసు.
కాగితం మీద పడిన నీళ్లు
సీసాలో అమ్మే నీళ్లంత తేటగా వచ్చినాయి.
ఆ పిల్ల కాసేపు చూసింది.
నా జేబులోని పెన్ను లాక్కుని
బిందె బిందె పక్కనా రాసింది:
ఇది ఎర్రగా ఉంది.
ఇది కూడా.
ఇది కూడా.

కామెంట్లు కూడా వేయించుకుంది, రెండొందల పన్నెండు.
ఏఈ సారు కళ్లద్దాలు పైకి తోసి,
"వీళ్లల్లో ఇంటి నంబరు ఉండేటోళ్లు ఎంతమందమ్మా?"
ఆ మాటకు నాకు కోపమొచ్చింది.
రాత్రంతా పొర్లినాక
సగం కోపమే మిగిలింది.

మర్నాడు తెల్లకాగితాలు కొనుక్కుపోయింది.
మొదటి గీత మీద తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు.
సందులో తలుపు తడితే
"ఫోన్లో చూసినాంలే పాపా, లైకు కూడా కొట్టినాం,
మళ్లీ సంతకమెందుకు?"

పత్తి మిల్లు ఉసేనమ్మ మాత్రం తానే నడుచుకుంటూ వచ్చింది.
రేషన్ మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు,
దూది గీకి గీకి గీతలన్నీ పోయినాయి.
నా ఇంకుప్యాడు మీద ఒత్తితే
వేలిముద్ర పడలేదు, ఒట్టి మచ్చ పడింది.
"ఇది చెల్లుతాదా నాయనా?"
శంషాద్ ఆ మచ్చను ఫోటో తీసింది.
కింద ఏమీ రాయకుండా పెట్టింది.

దానికి పెద్దగా ఎవరూ దండాలు పెట్టలేదు.
కానీ సోమవారం పొద్దున
నా మెట్ల మీద ఆరుగురు పిల్లోళ్లు,
చెవుల్లో వైర్లు, చేతుల్లో ఆధార్ కార్డులు.
ఇద్దరు మొన్న ఆమెను తిట్టినోళ్లేనంట.
"యాడ పెట్టాలన్నా సంతకం?"
పెద్దక్షరాల్లోనా, కలిపిరాతలోనా అని కూడా అడిగినారు.

అర్జీ తీసుకున్నారు. ముద్ర వేసినారు.
గొయ్యి తవ్వినారు. పైపు ఇంకా రాలేదు.
గొయ్యిలో రెండు బండ్లు పడినాయి.
ఇప్పుడు గొయ్యికొక వీడియో,
దాని కింద అర్జీ నంబరు.

ఆ మొదటి వీడియో నేను పూర్తిగా చూసిందే లేదు.
నిన్న షట్టర్ సగం దించి చూసినా.
ఆ ఎరుపు నాకు తెలుసు.
మా ఇంట్లో బిందె మూతికి గుడ్డ కట్టి
రోజూ వడగట్టే ఎరుపే.
ఊరందరి అర్జీలూ రాసిచ్చినోణ్ణి,
నాదొకటి రాసుకోవాలని తోచనే లేదు.

రెండో అర్జీ బల్ల మీదే ఉంది.
ముప్పై తొమ్మిదో గీత ఖాళీ.
పెన్ను కోసం జేబు తడుముకుంటే
అది ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది.