జారని ముడి

బైరాగిపట్టెడ చిట్‌ఫండ్ ఆఫీసులో
నా బల్ల కింద ఆరేళ్ల చిక్కు.
మోడెమ్‌ది, ప్రింటరుది,
దేనిదో తెలీని తెల్ల వైరొకటి.
రేపు పెద్ద మేనేజరు వస్తాడంట,
ఒక్కటీ కంట పడకూడదంట.

చెంగల్రాయుడు బోర్లా పడుకుని
పేలు చూసినట్టు
ఒక్కో పాయా విడదీసినాడు.
ప్లాస్టిక్ ట్యాగులు సగంలోనే అయిపోయినాయి.
జేబులోంచి అరటినార చుట్ట తీసి
వేళ్ల మీదే మెలితిప్పి బిగించినాడు.
"మాయమ్మ పూలు కడతాది సార్,
ఈ ముడి జారదు."

గోడకి గొట్టం, గొట్టానికి మూత.
గది తలదువ్వుకున్నట్టుంది.

ఆ తెల్ల వైరు జోలికి మాత్రం పోలేదు.
"పీకితే యాడ ఏం ఆరిపోతాదో!"

మేనేజరు రానేలేదు.
కరెంటు పోయిన సాయంత్రం
పడిపోయిన పెన్ను కోసం
బల్ల కింద తడిమితే
చేతికి మరువం వాసన.