ముల్లు కదిలేదాకా

ఆటలో ఒక గది. గదిలో బల్ల.
బల్ల మీద రేడియో, పెట్టింది మేమే.
ఆడేవాడు మీట తిప్పితే
సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె కదుల్తుంది, అంతే.
ఆ దారిలో నాలుగు చోట్ల
నాలుగు స్టేషన్లు గుడారాలేసుకుని కూర్చున్నాయి.
ముల్లు దగ్గరైతే గొంతు పెంచు,
దూరమైతే తగ్గించు, ఖాళీలో గరగర నింపు.
మాదాపూర్‌లో ఆరో అంతస్తు, ఏసీ చలి,
మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది.

అయిపోయింది గానీ
ఎంత తిప్పినా అది రేడియో కాలేదు.
ఒక పాట వాలిపోతూ ఇంకో పాట లేస్తోంది
పెళ్ళి వీడియోలో సీన్లు మారినట్టు, మర్యాదగా.
"బానే ఉంది కదక్కా" అన్నాడు కోడ్ రాసే ఉద్ధవ్.
వాడు పుట్టేసరికే వాళ్ళింట్లో రేడియో లేదు.

శనివారం కోఠిలో దిగాను.
గుజరాతీ గల్లీ, వైర్ల చుట్టలు, రిమోట్ల గుట్టలు,
మెట్ల కింద అరలో గౌస్ మొహియుద్దీన్ గారు,
టంకం పొగలో సగం చల్లారిన చాయ్.
"ఆటకి రేడియోనా?" రెండుసార్లు అడిగారు.
తర్వాత ఒకదాని వీపు విప్పి చూపించారు:
మీటకీ ముల్లుకీ నడుమ ఒక దారం,
కప్పీల మీదుగా పోయే పాత దారం, కొంచెం వదులు.
"మీట ముందు తిరుగుతది బిడ్డా, ముల్లు తర్వాత కదుల్తది.
ఆ జరంత ఆలస్యం లేకుంటే
చెయ్యి నమ్మదు."

స్టేషన్ అంటే చుక్క కాదట, మొహల్లా అట.
నడుమ చౌరస్తా, చుట్టూ గల్లీలు,
గల్లీ చివర గొంతులు బొంగురుపోతాయి,
పక్క మొహల్లా వార్తలు గోడ దూకి వస్తాయి,
రెండూ రాసుకున్నచోట ఒక ఈల
సన్నగా మొదలై, కిందికి దిగి, సున్నాలో మునిగి,
అవతలి ఒడ్డున మళ్ళీ సన్నగా లేస్తుంది.
"ఆహిస్తా" అన్నారు నా వేళ్ళు చూసి.
"ఆహిస్తా."
మైకు అప్పటికే ఆన్‌లో ఉంది.

గరగరని నాలుగు గంటలు పట్టాను
మలక్‌పేటలో మా డాబా మీద.
ఉత్త గరగర అనుకుంటాం గానీ
అందులో ట్యూబ్‌లైటు చోకు రొద, కిందింటి మిక్సీ,
మెట్రో పోయినప్పుడల్లా ఒక తుమ్ము.
ఎక్కడో షాద్‌నగర్ వైపు పడ్డ మెరుపు
చెవిలో చిటుక్కుమంది.
మా ఆకాశం మాత్రం ఏమీ ఎరగనట్టుంది.

సోమవారం ఉద్ధవ్ మొదలుపెట్టాడు:
"వినని మూడు స్టేషన్లూ ఎందుకు ఆడాలి?
ఫోన్ కాలిపోతోంది. ఆపేద్దాం."
ఆపితే ఎలా రా,
తిరిగొచ్చేసరికి వార్తలు చదివే మనిషి
నోరు తెరిచినచోటే నిలబడి ఉంటుంది.
రేడియో మన కోసం ఆగదు, అదే దాని పొగరు.
గంటన్నర గొడవ. రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ.
చివరికి ఒప్పందం:
పాట ఆడదు, గడియారం మాత్రం ఆడుతుంది.
ముల్లు తిరిగొచ్చిన క్షణాన
ఈపాటికి ఎందాకా వచ్చుండేదో లెక్కగట్టి
అక్కణ్ణుంచి అందుకుంటుంది.
వినేవాడికి తేడా తెలీదు.

నాకు తెలుసు.
రాత్రి రైల్లో అమీర్‌పేట దాటాక
మాటలు మానేసిన ఇద్దరు ముగ్గుర్ని
ఊరికే అలా లెక్కగట్టి చూశాను,
ఈపాటికి ఎందాకా వచ్చుంటారో అని.

నెల తర్వాత టెస్టర్ సబీహా పంపిన తప్పుల చిట్టాలో పదిహేడోది:
"మూడో స్టేషన్ దాటాక గరగరలో
ఎవరో ఆహిస్తా అంటున్నారు.
ఒక్కసారే వినిపించింది. తీసెయ్యాలా?"

కావాలని ఉంచానో, తియ్యడం మర్చిపోయానో.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిప్పాను. లేదు.
వెనక్కి తిప్పాను. ఈల, కందిపప్పు ధర, సగం నవ్వు, మెరుపు.
ఎనిమిదిసార్లు.
మీట వదిలేసి కాసేపు కూర్చుని
మళ్ళీ పట్టుకున్నాను,
ఈసారి దారం కదిలేదాకా ఆగి.